ఈశాన్యంలో తీయని గుంత

“అమ్మా, కారు గిలిగింతలు పెడ్తుంది” అని నా కూతురు అన్నప్పుడు నేను కారు నిలిపే జాగాలో నీళ్ళు పోసి చీపురుతో నెడుతున్నాను. ఆదివారం, పొద్దున ఏడు దాటింది. దానికి ఏడేళ్ళు. కాళ్ళకు చెప్పుల్లేవు. తడి బండ మీద నిలబడి, డోరు పిడికి చూపుడువేలు ఆనించి, చటుక్కున తీసి, నవ్వింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ నవ్వింది. నాలుగేళ్ళ తమ్ముడు “నాక్కూడా, నాక్కూడా” అంటూ లోపలినుంచి పరిగెత్తుకొచ్చాడు.

నా చేతిలో చీపురు ఆగిపోయింది. గోడకున్న ఛార్జర్ పెట్టె మీద పచ్చ లైటు వెలిగి ఆరుతున్నది. అక్కడినుంచి వచ్చిన నల్లటి లావు తీగ కొస, మేమంతా గన్ అని పిలిచే పిడి, కారులో గుచ్చి ఉంది. ఏం జరుగుతున్నదో ఆలోచించాల్సిన అవసరం లేకపోయింది. నాకు తెలుసు.

“ఏం కాదురా. చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటమంటుంది చూడు, అలాంటిదే” అన్నాను.

అప్పుడు నడివేసవి. తడి నేల మీద స్వెటర్ కరెంటు నిలవదు. ఆ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

పిల్లలిద్దర్నీ లోపలికి పంపి, గన్ బయటికి లాగి, వేలి వెనక భాగంతో కారును ముట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్ళీ గుచ్చి ముట్టుకున్నాను. చీమల బారు వేలి మీదుగా పోయినట్టు సన్నటి వణుకు. అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే: మెయిన్ దించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవడం. దానికి బదులు లోపలికి వెళ్ళి పిల్లల చెప్పుల జతలు తెచ్చి మెట్ల మీద పెట్టాను. “ఇవాళ్టినుంచి చెప్పుల్లేకుండా ఎవరూ కారు ముట్టుకోవద్దు” అని కొత్త రూలు చెప్పాను. పిల్లలు రూళ్ళను ఆటలాగా తీసుకుంటారు. సాయంత్రానికి ఒకరికొకరు గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. “చెప్పులు! చెప్పులు!”

ఆ గిలిగింత ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే కారు కొన్న రోజులకు వెళ్ళాలి. వెళ్ళబుద్ధి కావడం లేదు. పిల్లలు పడుకున్నాక రాద్దామని మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచిపోయాను.

మా పుట్టిల్లు కోదాడ. ఇంజనీరింగ్ కూడా అక్కడే చదివాను, ఎలక్ట్రికల్. నాలుగో సంవత్సరం పరీక్షలు రాసిన వేసవిలోనే సూర్యాపేటకు కోడలిగా వచ్చాను. ఉద్యోగం చేయలేదు. ముందు పెళ్ళి కొత్త, తర్వాత పాప, తర్వాత బాబు. నా పట్టా బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది. మా అత్తమ్మకు మాత్రం దాని మీద చాలా గౌరవం. ఇంటికి ఎవరొచ్చినా “మా కోడలు కరెంటు ఇంజినీరు” అని చెప్పేది. ఇంట్లో లైటు పోతే మాత్రం, “ఏమే ఇంజినీరమ్మా, జర ఫ్యూజు సూడు. నీ సదువు ఇయ్యాల పనికొచ్చింది” అని నవ్వేది. నాకూ నవ్వొచ్చేది. నవ్వు వెనక ఎక్కడో కలుక్కుమనేది కూడా.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ధాన్యం కొనుగోలు చూసుకుంటాడు. రోజూ పోయి రావాలి. పాత కారు మొరాయించడం మొదలుపెట్టినప్పుడు, ఎలక్ట్రిక్ కారు కొందామని పట్టుబట్టింది నేనే. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెడితే పొద్దున్నే వెళ్ళిపోవచ్చని, ఒక ఛార్జింగుతో రెండు రోజులు తిరగొచ్చని, వారం రోజులు చదివి నోట్సు రాసుకుని మరీ చెప్పాను. “నువ్వు చెప్పినవంటే అయిపాయె. ఇంజినీరువి” అన్నాడు. ఆ మాట వేళాకోళం కాదు. ఆ ఇంట్లో నా చదువును అడిగి ఒక పని చేయడం అదే మొదటిసారి. ఎనిమిదేళ్ళ కాపురంలో నేను అంత పొంగిపోయిన రోజు లేదు.

కారు వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. గోడకు బిగించే ఛార్జర్‌కు మాత్రం కొన్నాళ్ళు పడుతుందన్నారు. అప్పటిదాకా మా ఆయన హైవే మీద ఒక హోటల్ దగ్గర ఛార్జింగ్ పెట్టుకుని, ముందు ఎవరైనా ఉంటే వాళ్ళది అయ్యేదాకా కూర్చుని, ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకునేవారు. పొద్దున వాళ్ళు లేచేసరికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మా బాబు, “నాన్న ఊరికి పోయిండా?” అని అడిగాడు. మా అత్తమ్మ నా వైపు చూసి, “పాత కారే నయముండె గదనే. పొగొచ్చినా పొద్దుగూకంగనే ఇంటికి తెచ్చేది” అంది. ఆమె మామూలుగానే అంది. నేను నా నోట్సు పుస్తకానికి తగిలిన దెబ్బలాగా తీసుకున్నాను.

ఛార్జర్ బిగించడానికి కంపెనీ తరఫున టెక్నీషియన్ హైదరాబాదు నుంచి వచ్చాడు. పెట్టెను గోడకు చక్కగా బిగించాడు. తర్వాత ఒక చిన్న మీటరు తీసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

“ఎర్తింగ్ లేదు మేడం.”

ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తింగ్ వెనక బాత్రూముల దగ్గర టైల్స్ కింద ఎక్కడో పూడిపోయింది. కారుకు కరెంటు ఎక్కేటప్పుడు ఎక్కడైనా లీకైతే, అది మనిషి ఒంట్లోంచి కాకుండా నేరుగా నేలలోకి పోయేలా ఒక వైరు ఉండాలి. దాని కోసం గుంత తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చాలి. ఆ వైరు లేకపోతే పెట్టె మీద ఎర్ర లైటు వస్తుంది, ఛార్జింగ్ ఎక్కదు. కంపెనీ వాళ్ళు పెట్టుకున్న జాగ్రత్త అది.

“గుంత తీయించి వైరు కలిపించండి, పచ్చ లైటు దానంతటదే వస్తుంది” అని ఆయన వెళ్ళిపోయాడు. అది బుధవారం. ఆదివారం మా అమ్మ కోదాడ నుంచి కారు చూడ్డానికి వస్తున్నది.

మా కాలనీలో కరెంటు పనులన్నిటికీ ఒకాయనే. నలభై దాటి ఉంటాయి. తిరుమలగిరి వైపు తండా వాళ్ళది. పెద్దగా చదువుకోలేదు, ఒక మేస్త్రీ దగ్గర పదిహేనేళ్ళు పనిచేసి నేర్చుకున్నాడు. మాతో తెలుగులో మాట్లాడుతూ మధ్యలో ఇంటినుంచి ఫోనొస్తే లంబాడీలోకి మారిపోయేవాడు. మా పిల్లలకు అది పెద్ద వినోదం. ఆయన్ను “కరెంటు మామ” అని పిలిచేవాళ్ళు. నన్ను ఆయన “చెల్లె” అనేవాడు. గురువారం పొద్దున వచ్చి చూసి, పెట్టె పక్కనే నేలను కాలి మడమతో కొట్టాడు.

“గీడ తీద్దాం చెల్లె. రేపు పొద్దుగాల మొదలువెడితే పగటీలికి అయిపోతది.”

మా అత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. “గుంతనా? గా మూలకా? వద్దు బిడ్డా.”

మాది దక్షిణం ముఖం ఇల్లు. కారు నిలిపే జాగా నైరుతి మూలకు వచ్చింది. మా మామయ్య బతికుండగా ఊళ్ళోని పాత ఇంట్లో నైరుతిలో నీళ్ళ సంపు తవ్వించాడు. ఆ ఏడాదే రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. ఆమె కొడుకు ఇప్పుడు రోజూ రోడ్డు మీదే తిరుగుతాడు. దీన్ని మూఢనమ్మకం అని నేను అనుకున్నాను గాని, ఆ గుంత మాట విన్నప్పుడు ఆమె చేయి కొంగును ఎలా పట్టుకుందో కూడా చూశాను.

ఎలక్ట్రీషియన్ వాదించలేదు. “సరె పెద్దమ్మా. ఈశాన్యంల తీస్త. గాడికెల్లి వైరు గోడపొంటి గుంజుకొస్త. గప్పుడు పరేషాన్ లేదు గదా?”

“ఈశాన్యంలయితే నాకేంది, బాయే తవ్వుకోపో” అని నవ్వి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆగి చెప్పాలి. తర్వాత నేను అందరికీ, మా ఆయనకూ మా అమ్మకూ, “అత్తమ్మ వాస్తు వల్ల గుంత కుదరలేదు, ఇంకోలా కలిపించాం” అని, అత్తమ్మ చెవిన పడేలాగే చెప్పాను. అబద్ధం. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోనిది నేను.

ఈశాన్యం నుంచి ఛార్జర్ దాకా వైరు రావాలంటే ఇంటి తూర్పు గోడంతా, ఆపైన వీధి కనిపించే ముందు గోడంతా చుట్టి రావాలి. పోయిన ఏడాదే రంగులు వేయించి, ముందు గోడకు రాయి టైల్స్ అతికించాం. వాటి మీద అడ్డంగా పచ్చ వైరు, జానెడు జానెడుకొక మేకు. పైగా మూడు రోజుల పని. ఆదివారానికి కాదు. మా అమ్మ వచ్చేసరికి గోడ మీద ఎర్ర లైటుతో ఒక పెట్టె, హైవే హోటల్లో అల్లుడు. ఇంజనీరు కూతురు తెప్పించిన కారు.

“అన్నా, ఒక పని చెయ్యండి. న్యూట్రల్ నుంచి ఎర్తుకు చిన్న వైరు ముక్క కలపండి. పెట్టె ఎర్త్ ఉందనుకుంటుంది. పచ్చ లైటు వస్తుంది.” న్యూట్రల్ అంటే ఇంట్లోకొచ్చిన కరెంటు తిరిగి పోయే తీగ.

ఆయన నన్ను ఒక్క క్షణం అలాగే చూశాడు. “లూపు కొట్టమంటున్నవా చెల్లె? వద్దు. గది మంచిది కాదు. న్యూట్రల్ ఎప్పుడన్న ఊడితే కారుకే ఎక్కుతది.”

“కొద్ది రోజులేగా. తర్వాత గుంత తీద్దాం.”

“తర్వాత అంటే కాదు. పని అయినంక ఎవ్వలు పిలువరు. నాకెర్కే గదా.”

“అన్నా, నేను చదువుకున్నది ఇదే. నాలుగేళ్ళు. ఏమవుతుందో నాకు తెలియదా?”

ఆ వాక్యం నా నోట్లోంచి ఎంత మెత్తగా వచ్చిందో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన పెట్టె వైపు తిరిగాడు. స్క్రూడ్రైవరు తీశాడు, పెట్టె మూత విప్పాడు, వేలెడంత వైరు ముక్క కోశాడు. మూత బిగించి, మెయిన్ వేశాడు. పచ్చ లైటు వచ్చింది.

“అయింది మేడం” అన్నాడు.

ఆ తర్వాత ఆయన నన్ను ఎప్పుడూ చెల్లె అనలేదు.

ఆదివారం బాగా జరిగింది. మా అమ్మ కారు చుట్టూ తిరిగి, “అబ్బ, చప్పుడే లేదేంటే! వదినగారూ, మా పిల్ల చదువు ఊరికే పోలేదండీ” అంది. మా అత్తమ్మ, “నీ బిడ్డ కాదొదినా, మా కోడలు” అని మా అమ్మను ఆటపట్టించింది. మా ఆయన గన్ తీసి పెట్టి చూపించాడు. నేను అందరికీ టీ ఇస్తూ, మెచ్చుకోలు ఇష్టం లేనట్టు మొహం పెట్టుకున్నాను.

ఆ నెల రోజులు మా ఇంట్లో నిజంగానే సంతోషం ఉంది. మా ఆయన వెలుతురు ఉండగానే వచ్చేవాడు. గన్ గుచ్చే పని పిల్లలది. అక్క పట్టుకుంటే తమ్ముడు కింద చేయి పెట్టేవాడు. “టక్” అనగానే ఇద్దరూ పచ్చ లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టేవాళ్ళు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. గుంత సంగతి మొదట్లో రోజూ గుర్తొచ్చేది. తర్వాత రెండు రోజులకోసారి. ఆయన చెప్పినట్టే, పని అయ్యాక ఎవరూ పిలవలేదు.

గిలిగింతలు మొదలైన మర్నాడు ఆయనకు ఫోన్ చేశాను. విని, “మేడం, న్యూట్రల్ ఏడనో లూజైనట్టుంది. ఇప్పుడే వచ్చి గా ముక్క తీసేస్త” అన్నాడు. తీసేస్తే ఎర్ర లైటు వస్తుంది. ఎందుకొచ్చిందని మా ఆయన అడుగుతాడు. “ఈ వారం వద్దన్నా. వచ్చే వారం ఈశాన్యంలో గుంతే తీద్దాం. అప్పుడు ఒకేసారి” అన్నాను. “పిల్లలు పైలం మేడం” అన్నాడు. “చెప్పులు వేసుకొమ్మన్నాను” అని చెప్పాను.

ఆ వారమే శుక్రవారం వచ్చింది.

మిల్లులో ఏదో మరమ్మతు ఉండి మా ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. కారుకు ఛార్జింగ్ పెట్టి, స్కూటర్ మీద బజారుకు వెళ్ళాడు. ఐదున్నరకు గాలి లేచింది. మొదటి వాన. గాలికి పోలు పక్క వేపకొమ్మ విరిగి మా ఇంటికొచ్చే తీగల మీద పడిందని తర్వాత తెలిసింది. మా ఇంట్లో కరెంటు పోయింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. ఎదురింట్లో లైటు వెలుగుతున్నది. పక్కింట్లోనూ వెలుగుతున్నది. మా ఒక్కరికే లేదు. మెయిన్ ఫ్యూజు పోయిందా అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. పోలు నుంచి మా ఇంటికొచ్చే రెండు తీగల్లో న్యూట్రల్ తెగితే కూడా ఇల్లు ఇలాగే చీకటవుతుంది. ఇల్లు చీకటై, లూపు కొట్టిన చోట మాత్రం నిండుగా కరెంటు నిలబడి ఉంటుంది. ఆ రెండింటి తేడా తెలుసుకోవడానికే నన్ను నాలుగేళ్ళు చదివించారు.

ప్రతి శుక్రవారం దీపాలవేళ మా అత్తమ్మ గడపకు పసుపు కుంకుమ పెట్టి ఊదుబత్తులు వెలిగిస్తుంది. కారు వచ్చినప్పటినుంచి దానికీ ఒక బొట్టు, దానికీ ఒక ఊదుబత్తి. “మనల్ని మోసేది గదా” అనేది. కరెంటు లేకపోయినా ఆమె పళ్ళెం పట్టుకుని బయటికి వెళ్ళింది. ఉత్త కాళ్ళు. వాన జల్లుకు బండలు తడిసి ఉన్నాయి. కుంకుమలో అద్దిన వేలు కారు ముందు భాగానికి పెట్టింది.

ఆమె అరవలేదు. పళ్ళెం బండల మీద పడి దొర్లిన చప్పుడే విన్నాను. నేను వెళ్ళేసరికి మెట్టుకు కొట్టుకుని వెనక్కి పడి ఉంది. కుడిచేయి శరీరం కింద ఇరుక్కుంది. వాననీళ్ళలో కుంకుమ పారుతున్నది. మా బాబు “నానమ్మా” అంటూ దూకబోతుంటే, మా పాప వాడి అంగీ వెనక నుంచి రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఏడుస్తూ అరుస్తున్నది:

“చెప్పులు వేస్కో! చెప్పులు వేస్కో!”

నేను చెప్పులు వేసుకుని వెళ్ళి మెయిన్ దించాను.

దవాఖానలో డాక్టరు గుండె బాగానే ఉందన్నాడు. మణికట్టు విరిగింది. వేలి కొసన గింజంత నల్లటి మచ్చ. కట్టు కట్టాక, మా ఆయన మందుల కోసం వెళ్ళినప్పుడు, ఆమె ఎడమచేత్తో నా చేయి పట్టుకుంది.

“గుంత వద్దంటి గదనే నేను. నా వాస్తుకే గిట్లయిందా?”

“ఊకోండత్తమ్మా. వాన కదా” అన్నాను.

ఈశాన్యంలో తీయమన్నారు మీరు, అని చెప్పలేదు. ఆమె నా మొహం చూసి, చెప్పకుండా దాచిపెడుతున్నానని అర్థం చేసుకుంది. దాచిపెడుతున్నది ఆమె తప్పు అనుకుంది. కళ్ళు మూసుకుంది. అరవై ఏళ్ళ మనిషి ఆ రాత్రంతా తన చేయి తానే విరగ్గొట్టుకున్నట్టు పడుకుంది.

శనివారం మధ్యాహ్నం మా ఆయన మిర్యాలగూడ నుంచి మిల్లు ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చాడు. ఆయన పెట్టె మూత విప్పి, ఆ వైరు ముక్కను కొసతో పైకెత్తాడు.

“ఎవడు సార్ గీ పని చేసింది? న్యూట్రల్ తెచ్చి ఎర్తుల గుచ్చిండు. పానం పోతుండె పెద్దమ్మది.”

మా ఆయన ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో మా కాలనీ ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బండి ఆపుతూనే మా అత్తమ్మ ఎట్లుందని అడిగాడు. మా ఆయన మూత తీసిన పెట్టె వైపు వేలు చూపించాడు.

“ఏందయ్యా ఇది? బుద్ధుందా నీకు? చిన్న పిల్లలు తిరిగే ఇల్లు. పని రాకుంటే రాదని చెప్పాలె. నీకు సదువు లేకపాయె, ఇంట్ల ఇంజినీరు చదివిన మనిషున్నది, ఆమెనన్నా అడగొద్దా?”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు. నేను ఏమైనా చెప్తానేమోనని చూసినట్టు. నేను గోడకున్న రాయి టైల్స్ చూశాను. ఎంతసేపో తెలియదు. వాటిలో ఒక దాని మూల విరిగి ఉందని అప్పుడే గమనించాను.

“తప్పైంది సార్” అన్నాడాయన.

“తప్పైందంటే అయిపాయెనా? ఇంకోసారి ఈ కాలనీల కనవడకు. అందరికీ చెప్తా.” చెప్పాడు కూడా. అక్కడ నిలబడే ఫోన్ తీసి కాలనీ గ్రూపులో రాశాడు. ఈయన్ను ఎవరూ పనికి పిలవద్దని, తన తల్లి ప్రాణం మీదికి తెచ్చాడని. పిల్లలిద్దరూ కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు.

వస్తూనే జేబులోంచి తీసిన టెస్టరును ఆయన మా మెట్ల మీద మర్చిపోయాడు. దాన్ని సాకుగా పట్టుకుని గేటు బయటికి వెళ్ళాను.

“నేను చెప్పానని ఎందుకు చెప్పలేదన్నా?”

“చెప్తే ఏమైతది మేడం. చేసిన చెయ్యి నాది. నువ్వు చెప్పినా నేను చెయ్యకుంటే అయిపోతుండె.” టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. బండి తిప్పాడు. మళ్ళీ ఆపాడు. “గా గ్రూపు ముచ్చటే పరేషాన్. ఈ కాలనీలనే నాకు పని. పదేండ్లసంది ఒక్క ఇంట్ల మాట రాలే. ఇగ ఎవ్వలు పిలుస్తరు?”

నేను చెప్తాను అనాలి. “చూద్దాంలే అన్నా” అన్నాను. ఆయన కూడా ఇంకేం ఆశించినట్టు లేదు.

సాయంత్రం పిల్లలు హాల్లో ఆడుకుంటున్నారు. కొత్త ఆట. పాప నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బాబు చేతిలో స్పూను పట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు.

“బుద్ధుందా నీకు? సదువు లేదా నీకు?”

“తప్పైంది సార్.”

“ఇంకోసారి కనవడకు!”

బాబు నవ్వాపుకోలేక సోఫా వెనక్కి పరిగెత్తాడు. “ఇప్పుడు నేను తిడ్తా, నువ్వు కరెంటు మామ” అన్నాడు. పాప ఒప్పుకోలేదు. “నేను కాను. ఆ మామ చెడ్డోడు” అంది.

మంచం మీదినుంచి మా అత్తమ్మ, “పాపం అట్లనొద్దు బిడ్డా. నేనే గుంత తియ్యనియ్యలే” అంది.

అందరూ ఎవరి వంతు తప్పు వాళ్ళు తీసుకుంటున్నారు. తీసుకోవలసిన దాన్ని నేను వంటింట్లో నిలబడి చపాతీ పిండి తడుపుతున్నాను. మా పాప ఆ మనిషి గురించి జీవితాంతం ఏం గుర్తుంచుకుంటుందో నాకు అప్పుడు కనిపించింది. తండావాడు, చదువు లేనివాడు, నానమ్మ చేయి విరగ్గొట్టినవాడు. చదువుకున్న అమ్మ మాత్రం చెప్పులు వేసుకొమ్మని ముందే జాగ్రత్త చెప్పింది. నేను నేర్పని పాఠం కాదు అది. నేనే నేర్పాను, ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

మర్నాడు పొద్దున పిల్లలకు పాలు ఇచ్చి, వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాను. మా అత్తమ్మ మంచం మీద ఉంది. మా ఆయన గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నాడు. పెద్దవాళ్ళకు విడిగా చెప్పే ధైర్యం నాకు లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించకుండా ఉండేంత ధైర్యమే ఉంది.

“పెట్టెలో ఆ వైరు ముక్క పెట్టమన్నది నేను” అన్నాను. “కరెంటు మామ వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. ఈశాన్యంలో గుంత తీస్తానన్నాడు. నానమ్మ కూడా సరే అంది. గోడ మీద వైరు బాగుండదని, అమ్మమ్మ వచ్చే రోజుకు కారు పచ్చ లైటుతో కనిపించాలని, నేనే వద్దన్నాను. నాకు అన్నీ తెలుసని ఆయన నోరు మూయించాను.”

గుమ్మంలో బ్రష్ చప్పుడు ఆగిపోయింది.

“మరి గిలిగింతలు?” అంది పాప.

“స్వెటర్ కరెంటు కాదు. నువ్వు చెప్పినప్పుడే నాకు తెలుసు. నీకు అబద్ధం చెప్పాను.”

అది చాలాసేపు నన్ను చూసింది. దాని పై పెదవి మీద పాల మీగడ ఉంది. తుడవబోతే తల పక్కకు తిప్పుకుంది.

“మరి మామ తప్పైంది అని ఎందుకన్నడు?”

“నేను పక్కనే నిలబడి మాట్లాడలేదు కాబట్టి. ఇప్పుడు నాన్న రాసిన దాని కిందే గ్రూపులో నేను రాస్తాను. తర్వాత మామ ఇంటికి వెళ్తాను. మీ ఇద్దరూ నాతో రండి. నేను ఆయన్ని క్షమాపణ అడగడం మీరు చూడాలి. నిన్న ఆయన అడగడం చూశారు కదా.”